షికారు కాదు, పరీక్ష

జహ్లే, 1964 జూన్ 7, ఆదివారం

నా కంటివెలుగు నుహాకి,

పెరట్లో ద్రాక్ష పందిరి కింద కూర్చుని రాస్తున్నాను. పిందెలు ఇంకా మిరియపు గింజలంత ఉన్నాయి. మీరు వచ్చేసరికి తేనె రంగుకి తిరుగుతాయి. సెప్టెంబరులో వస్తున్నామని నువ్వు రాసిన ముక్క మీ అమ్మకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను. ఆ తరవాత బర్దౌనీ ఏటి ఒడ్డున ఉన్న కాఫీ కొట్లన్నిటికీ వెళ్ళి చెప్పొచ్చాను. మంగలి షుక్రీ, "మామా, ఈ వార్త నువ్వు చెప్పడం ఇది నాలుగోసారి. కాస్త గడ్డం కదపకుండా కూర్చుంటే మిగతా సగం గీస్తాను" అన్నాడు. సగం గడ్డంతోనే లేచి వచ్చేసేవాణ్ణి, అంత తేలిగ్గా ఉంది ఒళ్ళు.

ఇంకో సంతోషం కూడా ఉంది. వైను కార్ఖానాలో పని మానేసిన రోజున మా ముసలి యజమాని నన్ను పిలిచి, "నఖ్లే, ఈ వ్యాను ముప్పై ఏళ్ళు నడిపావు. ఇది ఇంకొకరి మాట వినదు. నువ్వే ఉంచుకో" అన్నాడు. పక్కన ద్రాక్షగుత్తి బొమ్మ వేసి ఉంటుంది చూడు, అదే. రంగు వెలిసి ఇప్పుడది ద్రాక్షో వంకాయో తెలియడం లేదు. వెనక తలుపు తీస్తే ఇప్పటికీ పీపాల వాసన. పీల్చినవాడికి కాస్త నిద్ర వస్తుంది, అంతే, హాని లేదు.

అందుకని ఆలోచన చేశాను. ఏడేళ్ళ తరవాత వస్తున్నారు. అల్లుడికీ మనవరాలికీ ఈ లోయ చూపించకుండా ఇంట్లో కూర్చోబెడితే నేనేం తండ్రిని? పొద్దున బయల్దేరి దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరే చోట్లు మనకి ఎన్ని ఉన్నాయో ఇప్పుడే తెలిసింది. తానాయిల్ చెరువు, అంజర్ ఊటలు, బాల్‌బెక్ స్తంభాలు, కొంగలు దిగే అమ్మీక్ మడుగు. ఒక రాత్రి ఉండి రావాలంటే కొండ దాటి జూనియే సముద్రం. రెండు రాత్రులైతే దేవదారు కొండ.

నవ్వకు. ముప్పై ఏళ్ళు ఈ చోట్లన్నిటికీ వైను దించాను కానీ, నేను చూసింది వంటింటి తలుపు వరకే. బాల్‌బెక్ స్తంభాలు ఎలా ఉంటాయంటే చెప్పలేను. ఆ పక్క హోటల్లో ఉల్లిపాయల బుట్ట ఎక్కడ పెడతారంటే చెబుతాను. ఇప్పుడు ముందు తలుపులోంచి వెళ్ళాలి.

ముందుగా దారులు పరీక్ష చేసి చూడాలి కదా. మీ అమ్మతో అన్నాను: "ఏమే లబీబే, మోనా ఆరేళ్ళ పిల్ల. మలుపుల్లో కడుపు తిప్పుతుందేమో ముందే చూసుకోవాలి. నాకు అలవాటు, నాకు తెలియదు. పక్కన ఎవరైనా కూర్చోవాలి."

"పక్కింటి ఉమ్మ్ తనూస్‌ని కూర్చోబెట్టుకో."

"ఆవిడ ఎక్కితే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. పరీక్ష తప్పుతుంది."

మీ అమ్మ పెదవి కదిలింది. నవ్వు అని నేననను. "నేను షికార్లకి రానని నీకు తెలుసు" అంది.

"షికారుకి ఎవరు రమ్మన్నారు? ఇది పరీక్ష."

మీ అఫీఫే పిన్ని పోయిన ఈ ఆరేళ్ళలో మీ అమ్మ నల్లబట్టలో గుడికీ శ్మశానానికీ తప్ప గడప దాటలేదు. చక్కెర వేసిన కాఫీ ఇంట్లో పొయ్యెక్కలేదు. అలాంటిది బండెక్కింది. చేదు కాఫీ ఫ్లాస్కులో పోసుకుని, కిటికీ అద్దం పైకెత్తేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చుంది. పక్కన పొలాలన్నీ గసగసాల పూలతో ఎర్రగా ఉంటే రోడ్డు తప్ప ఏమీ చూడలేదు. తానాయిల్‌లో చెరువుగట్టు జారుతుందేమో చూడ్డానికి మాత్రం దిగింది. పొప్లార్ చెట్ల నీడ నీళ్ళలో ఊగుతుంటే గట్టు మీద కాసేపు నిలబడింది. తరవాత, "నేల తడిగా ఉంది. పిల్లకి గట్టి బూట్లు తెమ్మని రాయి" అంది. రాస్తున్నాను. బూట్లు తీసుకురా.

ఇప్పట్నుంచే గుమ్మంలో నిలబడి ఉన్న
మీ నాన్న నఖ్లే


అలెగ్జాండ్రియా, జూన్ 21

నాన్నకి, అమ్మకి చేతులు ముద్దు పెట్టుకుని నుహా రాస్తున్నది,

మీ ఉత్తరం విప్పగానే పీపా వాసన వచ్చిందని మీ అల్లుడు ఫారిస్ ఒట్టేసి చెబుతున్నాడు. బట్టల కొట్లో వచ్చినవాళ్ళందరికీ, మా మామగారు విమానాల కంపెనీ పెట్టాడు, రోజుకో చోటుకి తీసుకెళతాడు అని చెప్పుకుంటున్నాడు. మోనా అడగమంది: కొంగ తనకన్నా పొడుగ్గా ఉంటుందా?

కానీ నాన్నా, కోప్పడకండి, ఒక మాట. అమ్మని ఆ వ్యానులో ఎందుకు తిప్పుతున్నారు? ఆరేళ్ళు కదలని మనిషి. ఆ కుదుపులకి నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు? ఆవిడ వద్దనలేక వస్తోందేమో. మాకు చెరువులూ స్తంభాలూ ఏమీ అక్కర్లేదు. పందిరి కింద చాప వేసి పడుకుంటే చాలు. దయచేసి ఈ పరీక్షలు మానేయండి.

మా అత్తగారు మెట్ల మీద జారారు. తుంటి ఎముక అంటున్నారు. మంచం మీద ఉన్నారు. ప్రయాణం ఒకటి రెండు వారాలు వెనక్కి జరగొచ్చు. అమ్మ దిగులు పడకుండా చెప్పండి.

మీ నుహా


జహ్లే, జూలై 5

చల్లని తల్లి నుహాకి, నాన్న ముద్దులు, కొలత లేకుండా,

మీ అత్తగారి సంగతి విని బాధపడ్డాం. ఎముకల పులుసు తాగించమని మీ అమ్మ చెబుతోంది, ఉప్పు తక్కువ వేసి. ప్రయాణం వెనక్కి జరిగితే జరగనీ, తల్లీ. తొందరేం లేదు. నిదానంగా రండి. పెద్దావిడని చూసుకోవడం ముందు.

మోనాకి చెప్పు: కొంగ నిలబడితే తనంత, రెక్క విప్పితే వాళ్ళ నాన్నంత.

అంజర్ అయింది. నేను అలవాటు కొద్దీ బండిని తిన్నగా చేపల హోటలు వంటింటి వాకిట్లో ఆపాను. వంటవాడు హాకోప్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎన్ని పీపాలు?" అన్నాడు. "ఒకటే. జాగ్రత్తగా దించు, నల్లగుడ్డ చుట్టి ఉంది" అన్నాను. మీ అమ్మ నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. ఎన్నేళ్ళయిందో ఆ దెబ్బ తిని. ఇంటికొచ్చేదాకా ఆ భుజాన్ని తడుముకుంటూనే ఉన్నాను.

నువ్వు మానేయమన్నావు కానీ, మానేయడం ఇప్పుడు నా చేతిలో లేదు. మీ అమ్మ ఇన్స్పెక్టరైపోయింది. ఊట దగ్గర మెట్లకి పట్టుకునే కమ్మీ లేదని హాకోప్‌ని నిలబెట్టి అడిగింది. "నా మనవరాలు వచ్చేలోగా పెట్టించు." వాడు సరేనన్నాడు. చేప మాత్రం ముట్టలేదు, వాసన చూసి, "ముళ్ళెక్కువ" అంది. తినకుండా ముళ్ళెలా తెలిశాయో అడగలేదు నేను. ఆ తరవాత నీళ్ళలో పాదాలు పెట్టి కూర్చుంది, చలి ఎంతుందో చూడ్డానికి. చాలాసేపు చూసింది. నీళ్ళు కాళ్ళ మీంచి పోతుంటే ఆవిడ కళ్ళు మూసుకుంది. నేను దూరంగా జరిగి నిలబడ్డాను.

తిరిగొస్తుంటే వీధి మొదట్లోనే ఉమ్మ్ తనూస్ కాపు కాసింది. "ఏం లబీబే, షికారు బాగా జరిగిందా? గాలి బాగుందా? మీ చెల్లెలు పోయిందని మర్చిపోయామా?"

మీ అమ్మ అద్దం కిందకి దించింది. ఆరేళ్ళలో మొదటిసారి. "షికారేమిటమ్మా, పరీక్ష. నీ కూతురు జహ్లే దాటి పెళ్ళి చేసుకుంటే నీకూ తెలిసేది" అంది. మళ్ళీ అద్దం ఎత్తలేదు. రాత్రంతా దించే ఉంది.

అందుకని తల్లీ, తొందర పడొద్దు. ఇంకా అమ్మీక్ కాలేదు, బాల్‌బెక్ కాలేదు. ఎంత ఆలస్యమైతే అంత మంచిది. నిదానంగా రండి.

పట్టరాని సంతోషంతో
మీ నాన్న


అలెగ్జాండ్రియా, జూలై 20

నాన్నకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "తొందరేం లేదు." "నిదానంగా రండి." "ఎంత ఆలస్యమైతే అంత మంచిది." జూన్‌లో గుమ్మంలో నిలబడి ఉన్నానని రాసిన నాన్నేనా ఈ ఉత్తరం రాసింది? ఏడేళ్ళు నేను రాలేదని కోపం ఉంటే నేరుగా తిట్టండి, పడతాను. పిల్లని వేసుకుని ముగ్గురం దిగితే మీకు భారమని ఫారిస్ అనుకుంటున్నాడు. అలా కాదని అతనికి చెప్పాను. నాకే నమ్మకం లేకుండా చెప్పాను.

అయినా ఇప్పుడు అవన్నీ అనవసరం. మీరు కోరుకున్నట్టే అయింది. అత్తగారు చలికాలం దాకా లేవకూడదన్నాడు డాక్టరు. పక్కకి తిప్పడానికి కూడా మనిషి కావాలి. ఈ ఏడు మేం రావడం లేదు. మోనా కొత్త బూట్లు దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. దానికింకా చెప్పలేదు.

అమ్మకి మీరే మెల్లగా చెప్పండి. ఆవిడ ఏమందో రాయండి. ఇదివరకు మీ ఉత్తరాల్లో "అమ్మ అడుగుతోంది" అని ఉండేది. ఇప్పుడు మెట్లూ కమ్మీలూ తప్ప మా గురించి లేదు.

నుహా


జహ్లే, ఆగస్టు 9

నా ప్రాణమా, నా తల్లీ, నా అమ్మాయీ,

ఎన్ని పేర్లు పెట్టి పిలిస్తే నీ కోపం పోతుందో అన్ని పేర్లూ ఇక్కడ ఉన్నాయనుకో. మీరు భారమా? మీరు వస్తే ఈ బండి వెనక పరుపు వేసి రోజూ ఊరేగిస్తాను. నేను చదివింది ఫాదర్ల బడిలో మూడో తరగతి. ఒకటి రాయబోతే ఒకటి రాస్తాను. అసలు మాట రాస్తాను, నిదానంగా చదువు. మీ అమ్మకి చదువు రాకపోవడం ఇందుకు పనికొచ్చింది.

నీకు తెలియనిదేముంది. మనవాళ్ళలో నలుపు వేసుకున్నది తనంతట తాను తీయదు. రక్తం పంచుకున్నవాళ్ళు రంగుబట్ట చేత్తో పట్టుకుని వచ్చి, ఎదురుగా నిలబడి, ఇక చాలు అని బతిమాలాలి. ఆవిడ మూడుసార్లు వద్దనాలి. అప్పుడు తీసుకోవాలి. మొగుడు చెబితే చెల్లదు, ఇరుగుపొరుగు చెబితే చెల్లదు. అఫీఫే పోయిన నెలలోనే మోనా పుట్టింది, నువ్వు రాలేకపోయావు. మీ అమ్మ వైపు నువ్వు తప్ప ఎవరున్నారు? ఏడాదిలో తీయాల్సిన నలుపు తీసేవాళ్ళు లేక ఆరేళ్ళు అలాగే అంటుకుపోయింది. నువ్వు సెప్టెంబరులో వస్తావు, తీసేస్తావు అని నేను ఊరంతా తిరిగింది అందుకు.

ఈలోగా ఈ పరీక్షలు మొదలయ్యాయి. ఆవిడ మళ్ళీ మనిషిలా మాట్లాడుతోంది. నన్ను తిడుతోంది. నాకు భయం పట్టుకుంది తల్లీ. నువ్వు వచ్చి వెళ్ళిపోతే పరీక్ష చేయాల్సిన దారి ఇంకేం మిగుల్తుంది? మళ్ళీ ఆ కుర్చీ, ఆ గోడ. అందుకే నిదానంగా రమ్మన్నాను.

ఇప్పుడు చేసిన పని కూడా చెబుతాను. నువ్వు రావడం లేదన్న ఉత్తరం పోస్టుమాను మెట్ల మీద ఇచ్చాడు. అక్కడే చదువుకున్నాను. లోపలికి వెళితే మీ అమ్మ చెయ్యి తుడుచుకుని కూర్చుంది, "చదువు" అంది. నా నోరు దానంతటదే చదివింది. బాగున్నారు, వస్తున్నారు, కాస్త ఆలస్యం, మోనా స్తంభాలు చూడాలంటోంది అని. మీ అమ్మ తల ఊపి, "అయితే బాల్‌బెక్ చూడాలి" అంది.

గురువారం పండగనాడు గుడిలో ద్రాక్షపళ్ళు దీవించి పంచారు. ఆరేళ్ళుగా ఆవిడ వాటిని తెచ్చి అఫీఫే సమాధి మీద పెట్టి వచ్చేస్తుంది. ఈసారి సగం అక్కడ పెట్టి, సగం రుమాల్లో మూటగట్టి బండెక్కింది. బాల్‌బెక్‌లో ఆ ఆరు స్తంభాల కింద నిలబడి తలెత్తి చూసింది. నేనూ చూశాను, ముప్పై ఏళ్ళ తరవాత. తల్లీ, అవి అంత పొడుగని నాకెవరూ చెప్పలేదు. వాటి మీంచి మబ్బు నడిచిపోతుంటే స్తంభాలే నడుస్తున్నట్టుంది. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది, కళ్ళు తిరుగుతాయని. "పిల్లకి ఇక్కడ టోపీ కావాలి" అంది. నీడలో రాయి మీద కూర్చుని రుమాలు విప్పి ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకుంది. పుల్లగా ఉందో తియ్యగా ఉందో చూడ్డానికట. తరవాత ఇంకొకటి.

అందుకని నీ కాళ్ళు పట్టుకుంటాను. రావడం లేదని ఇంటికి రాయకు. వస్తున్నాం, ఆలస్యం అని రాస్తూ ఉండు. నిజం రాయాలంటే షుక్రీ మంగలి కొట్టు చిరునామాకి రాయి. అమ్మీక్ ఉంది, సముద్రం ఉంది, దేవదారు కొండ ఉంది. మంచు పడేదాకా గడుస్తుంది.

నీ కోపం పోయిందని రాసేదాకా నిద్రపోని
మీ నాన్న


అలెగ్జాండ్రియా, ఆగస్టు 24

అమ్మకి,

ఈ ఉత్తరం నీకు. నాన్నా, మీరు చదివి వినిపించండి. ఒక్క ముక్క దాటేయకుండా చదవండి. మన ఊరి ఓడెట్ టీచరమ్మ సెలవులకి అక్కడికి వస్తోంది కాబట్టి ఆవిడ చేతికిచ్చాను. మీరు చదవకపోతే ఆవిడ చదువుతుంది. ఈ మాట కూడా చదవండి.

అమ్మా, ఈ ఏడు నేను రావడం లేదు. అత్తగారు లేవలేరు. ఇది నాన్నకి జూలైలోనే రాశాను. నీకు చెప్పలేకపోయాడు. ఆయన్ని తిట్టకు, లేదా కొంచెం తిట్టు. ఆయన నన్ను అబద్ధం రాయమన్నాడు. ఆయన ఎందుకన్నాడో అర్థమై రెండు రోజులు ఏడ్చాను. కానీ నీతో అబద్ధం ఆడి నీకు సంతోషం కొనిపెట్టడం నాకు చేతకాదమ్మా.

పిన్ని పోయినప్పుడు నేను రాలేదు. నీ ఒంటి మీద నలుపు తీయాల్సింది నేను. ఆ మాట నాకు ఇన్నేళ్ళూ తట్టనేలేదు. నువ్వెప్పుడూ అడగలేదు, నాన్న ఎప్పుడూ రాయలేదు.

ఓడెట్ చేతిలో పొట్లం ఉంది. ఫారిస్ కొట్లో నేనే ఎంచిన గుడ్డ, నేనే కుట్టిన గౌను. నీలం. ముదురు నీలం, నువ్వు ఒప్పుకునేంత ముదురు. చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడి ఇవ్వాలని నాకు తెలుసు. పొట్లం పంపితే చెల్లదని నువ్వంటావు. అందుకే ఒక పని చెయ్యి. సెప్టెంబరు పదమూడు, ఆదివారం, సిలువ పండగ ముందురోజు, పొద్దు గుంకే వేళ నాన్నతో జూనియే సముద్రం ఒడ్డుకి వెళ్ళు. అదే వేళకి నేను మోనాని తీసుకుని ఇక్కడి గట్టు మీద నిలబడతాను. మధ్యలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. అంతకన్నా ఎదురుగా నిలబడడం నాకు కుదరదు. అక్కడ నేను బతిమాలతాను.

రాకపోయినా, నేను మాత్రం నిలబడతాను.

నీ నుహా


జహ్లే, సెప్టెంబరు 18

నుహా తల్లీ,

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక మొదలే పెట్టలేదు రెండు రోజులు. వరసగా రాస్తాను.

ఓడెట్ వచ్చింది, పొట్లం బల్ల మీద పెట్టింది, కుర్చీ లాక్కుని కూర్చుంది. టీచర్ కదా, నన్ను చూసిన చూపు పాఠం అప్పజెప్పించుకునే చూపు. చదివాను. ప్రతి మాటకీ తడబడ్డాను. "నీకు చెప్పలేకపోయాడు" అన్న దగ్గర ఆగి కాగితం అటూ ఇటూ తిప్పాను. ఓడెట్, "ఊఁ, తరవాత" అంది. చివరిదాకా చదివాను.

మీ అమ్మ పొట్లం వైపు చూడలేదు. నన్ను చూసి, "జూలైలోనే తెలుసు నాకు" అంది.

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. నిజం ఉత్తరమైతే ఇదిగో, ఇలా చదువుతావు, ముల్లు గుచ్చుకున్నట్టు మాటమాటకీ ఆగి. ఆ రోజు బర్దౌనీ నీళ్ళలా గలగలా చదివేశావు. లేనిది చదువుతున్నావని అప్పుడే అనుకున్నాను. పిల్ల రావడం లేదని అప్పుడే అనుకున్నాను."

"మరి బాల్‌బెక్ ఎందుకొచ్చావు? టోపీ కావాలన్నావు కదా."

మీ అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కాఫీ గిన్నె కడిగింది, కడిగిన గిన్నె మళ్ళీ కడిగింది. ఓడెట్ చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. పొట్లం విప్పకుండా బీరువాలో పెట్టేసింది మీ అమ్మ. ఆ రోజు నుంచి బండి ఊసు లేదు. అమ్మీక్‌లో కొంగలు దిగాయని షుక్రీ చెప్పినా వినిపించుకోలేదు. పరీక్ష అనే మాట ఇక అనలేను కదా. ఏ మొహంతో అంటాను? మళ్ళీ ఆ కుర్చీ, ఆ గోడ. అంతా నేనే పాడు చేశానని తీగలకి నీళ్ళు పెట్టుకుంటూ తిరిగాను.

పదమూడో తారీఖు తెల్లారుతూనే బండి తలుపు చప్పుడైంది. వెళ్ళి చూస్తే మీ అమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది. నల్లబట్టలోనే. ఒళ్ళో సంచి. "ఏం చూస్తావు? కొండ దాటేసరికి ఎండెక్కుతుంది" అంది.

ఉమ్మ్ తనూస్ చీపురుతో సహా వీధిలోకి వచ్చింది. "ఇవాళ ఏ పరీక్షమ్మా?" అంది. మీ అమ్మ ఆవిడని చూసి, "ఇవాళ ఫలితాలు" అంది. ఈ మాట ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు, ఓడెట్ దగ్గరే అయి ఉంటుంది.

కొండ మీద పొగమంచు. లోయంతా కింద పాలగిన్నెలా ఉంది. బండి మంచులోకి దూరితే నాకు రోడ్డు కనపడలేదు, అలవాటు మీద తోలాను. మీ అమ్మ నిద్రపోయిందనుకున్నాను. పైకెక్కి అవతలకి తిరగ్గానే మంచు విడిపోయింది, దూరంగా కింద సముద్రం. ఆకాశం కింద పడి అలాగే ఉండిపోయినట్టు. నిన్ను ఓడెక్కించిన రోజున ఆవిడ చూసింది, మళ్ళీ ఇప్పుడే. మీ అమ్మ, "ఇంతే ఉందా అప్పుడు కూడా" అంది. ఇంతే ఉందన్నాను. "అప్పుడు చిన్నగా అనిపించింది. పిల్ల అవతల పక్కనే ఉంటుందిలే అనుకున్నాను" అంది.

జూనియేలో నేను వైను దించే హోటలు ఒకటుంది, ఒడ్డు మీదే. చేతులు నా మాట వినవు కదా, బండి తిన్నగా వెనక వాకిట్లోకి పోయింది. మీ అమ్మ చుట్టూ చూసింది. చేపల పొలుసులు, ఖాళీ సీసాలు, ఒక పిల్లి. "ఏమయ్యా, ఈ హోటలుకి ముందు తలుపు లేదా?" అంది. తిప్పి ముందుకి తీసుకొచ్చాను. ముందు తలుపుకి ఇత్తడి పిడి ఉంది తల్లీ. ఇన్నేళ్ళూ ఆ తలుపు ఎలా ఉంటుందో నేను చూడనేలేదు. కాపలావాడు మా కోసం తీసి పట్టుకున్నాడు. వాడు నాకు తెలిసినవాడే, నవ్వాపుకున్నాడు.

సాయంత్రం ఒడ్డుకి వెళ్ళాం. పడవ కట్టేసుకుంటున్న ఒక ముసలాయన్ని అలెగ్జాండ్రియా ఎటు అని అడిగాను. పొద్దు గుంకే చోటు చూపించి, దానికి ఎడమ పక్కకి చెయ్యి జరిపి, "అదిగో, అటు. ఈదుతారా?" అన్నాడు. మీ అమ్మ అటే తిరిగి రాయి మీద కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకుని. నేను కాస్త వెనక నిలబడ్డాను. నీళ్ళు రాళ్ళ మీదకి వస్తున్నాయి, పోతున్నాయి. పొద్దు సగం మునిగింది.

కాసేపటికి మీ అమ్మ మాట వినిపించింది. నాతో కాదు. "వద్దే" అంది.

నేను కదల్లేదు.

ఇంకా కాసేపటికి, "వద్దంటున్నాను కదా. నాకెందుకు ఇప్పుడు రంగులు" అంది. గొంతు నీతో పోట్లాడేటప్పటి గొంతు. నువ్వు చిన్నప్పుడు వినే ఉంటావు.

పొద్దు మొత్తం మునిగింది. వెనక కొండల మీద సిలువ పండగ మంటలు ఒక్కొక్కటీ వెలిగాయి, ఈ ఊరివి, పై ఊరివి, ఆ పైవి, నక్షత్రాల్లో ఎక్కడ కలిశాయో తెలియలేదు. నీళ్ళలో కూడా అవే. మీ అమ్మ సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నాకు భయం వేసింది, రెండుసార్లతో ఆపేస్తుందేమోనని. మూడోసారి వద్దనకపోతే తీసుకోవడం కూడా ఉండదు కదా.

అప్పుడు ఆవిడ నిట్టూర్చి, "వద్దు తల్లీ" అంది, మెత్తగా. అని సంచిలోంచి పొట్లం తీసింది. దారం పళ్ళతో కొరికింది.

రాత్రి హోటలు వరండాలో కూర్చున్నాం. అప్పటికింకా నల్లబట్టే. కుర్రవాడు కాఫీ తెచ్చాడు. నలుపు చూశాడు కదా, మర్యాద తెలిసినవాడు, అడగకుండానే చక్కెర లేనిది తెచ్చాడు. మీ అమ్మ ఒక్క గుక్క తాగి కప్పు పెట్టేసి గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చింది. నీలం. భుజాల దగ్గర కాస్త వదులు. నువ్వు ఏడేళ్ళ కిందటి కొలత పెట్టుకుని కుట్టినట్టున్నావు, మీ అమ్మ చిక్కింది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు, కొత్తవాళ్ళు వస్తే లేచినట్టు లేచాను. "కూర్చో, అందరూ చూస్తున్నారు" అంది. కుర్రవాణ్ణి పిలిచి, "బాబూ, ఇది చేదుగా ఉంది. రెండు చెంచాలు వేసి తీసుకురా" అంది.

నీకు చెప్పొద్దన్నది ఒకటి ఉంది. వదులు సంగతి రాయొద్దంది. రాసేశాను.

పొద్దున్న బండి తీస్తూ, జహ్లే వైపు తిప్పాను. మీ అమ్మ, "అటెందుకు? దేవదారు కొండ ఎటు?" అంది.

"అది ఉత్తరానికి. రెండు రాత్రులు పడుతుంది. ఎవరి కోసం? పిల్లలు ఇప్పట్లో రారు కదా."

"తెలుసు."

"అయితే పరీక్షకా?"

మీ అమ్మ తన వైపు అద్దం కిందకి దించింది, మొత్తం. గాలికి నీలం గౌను చేతి అంచు ఎగిరి నా ముఖం మీద పడింది, రోడ్డు కనపడలేదు.

"పరీక్ష కాదయ్యా" అంది. "షికారుకి."

ఇంతకీ నువ్వు ఆ గట్టు మీద ఏమని బతిమాలావో రాయి. మీ అమ్మ చెప్పడం లేదు.

నీ నాన్న నఖ్లే,
కొండ నుంచి మొన్ననే దిగినవాడు